తాడుకి అవతల

జూన్ 8, శనివారం

అన్నపూర్ణ అత్తయ్య పోయింది.

పొద్దున్నే బోటు డెక్ కడుగుతున్నాను. మా పిన్నమ్మ కొడుకు శంకర్ మూడుసార్లు ఫోన్ చేశాడు. రెండుసార్లు కట్ చేశాను. వాడు రోజూ ఏదో ఒక వీడియో పంపి, చూశావా లేదా అని ఫోన్ చేసే రకం. మూడోసారి ఎత్తితే, "ఒరేయ్ అనంతూ, అత్త లేదురా," అన్నాడు. హార్ట్ ఎటాక్. కాకినాడలో, సాయంత్రం టీ పెట్టుకుంటూ.

తర్వాత పదకొండు మంది టూరిస్టుల్ని ఎక్కించుకుని దీవి చుట్టూ తిప్పాం. సీ లయన్స్ గురించి ఎప్పుడూ చెప్పేదంతా చెప్పాను, జోకులతో సహా. ఒక్కచోట కూడా తడబడలేదు. అదే నాకు అసహ్యంగా ఉంది.

జూన్ 9

"నాకు పిల్లల్లేరు, నా కర్మ నువ్వే చెయ్యాలిరా." నాన్న పోయి నేను అత్తయ్య ఇంటికి చేరినప్పటి నుంచీ ఇదే మాట. నవ్వుతూనే అనేది. ఆడపిల్లల కాలేజీలో జువాలజీ లెక్చరరు, పండక్కి కూడా గుడికి వెళ్ళని మనిషి, ఈ ఒక్క విషయంలో మాత్రం పట్టు వదిలేది కాదు. "చెయ్యకపోతే దెయ్యమై వచ్చి నీ రికార్డు పుస్తకాలు చింపేస్తాను," అనేది. సరే అన్నాను. ఎయిర్‌పోర్టులో కూడా సరే అన్నాను.

ఇవాళ దహనం చేశారు. చేసింది శంకర్.

జూన్ 10

పాస్‌పోర్టు ఇంకా ప్రాసెస్‌లోనే ఉందట. రెన్యూవల్‌కి పంపి నాలుగు వారాలు. ఎమర్జెన్సీ కాగితం మీద ఇండియా వెళ్ళొచ్చట, కానీ తిరిగి రావడానికి కొత్త పాస్‌పోర్టు, కొత్త వీసా స్టాంపు, అదెప్పటికి అవుతుందో ఎవరూ చెప్పరట.

వెళ్ళలేను. వెళ్ళడం ఇష్టం లేక కాదు. వెళ్ళలేను.

జూన్ 12

పై మాట మళ్ళీ చదివాను. ఇది నేను తప్ప ఎవరూ చూడని పుస్తకం కాబట్టి ఉన్నదున్నట్టు రాయాలి. జూలై 14కి ఈ ఉద్యోగంలో ఏడాది నిండుతుంది. సూపర్‌వైజర్ పోస్టులో ఏడాది. అది నిండితేనే పీఆర్‌కి, అంటే ఇక్కడే స్థిరంగా ఉండిపోవడానికి, అప్లై చెయ్యొచ్చు. ఆగస్టు ఆఖరుకి వర్క్ పర్మిట్ అయిపోతుంది. కెనడా వచ్చి వాటర్లూలో నాతోపాటు కాలేజీలో చేరిన వాళ్ళలో సగం మంది గోడౌన్లలో పెట్టెలు మోస్తూ, సూపర్‌వైజర్ అని రాసిచ్చే యజమాని కోసం ఊరూరా తిరుగుతున్నారు. నాకు దేశానికి ఈ చివర, సముద్రం మధ్యలో దొరికాడు, కెప్టెన్ విజేంద్ర. ఫిజీ తెలుగువాడు. ఆయన ముత్తాతని చెరుకు తోటలకి తీసుకెళ్ళారట. తెలుగు పది మాటలకి మించి రాదు, మిగతాదంతా ఇంగ్లీషే. కానీ ఇంటర్వ్యూలో నా పేరు చూసి, "మనవాడివే," అన్నాడు. ఆ ఒక్క మాటతో ఉద్యోగం వచ్చింది.

ఒక్క నెల. ఒక్క నెల ఆగి పోలేకపోయింది అత్తయ్య. ఛీ, ఏం రాస్తున్నాను.

జూన్ 13

ఇవాళ గాలి ఎక్కువని బోటు తియ్యలేదు. ఊరికే కూర్చుంటే ఆలోచనలు బుర్ర తినేస్తున్నాయి.

అత్తయ్య నన్ను మొదటిసారి పడవ ఎక్కించింది కోరింగలో. మడ అడవి మధ్యలో, స్టూడెంట్స్‌తో పాటు. నేను వేరుశెనక్కాయల పొట్టు నీళ్ళలో వేశానని అందరి ముందూ నెత్తిన మొట్టింది. "అది వాటి ఇల్లురా, మన చెత్తకుండీ కాదు." నీటికాకి, బాతు, ఉల్లంకి, అన్నీ పేరుపెట్టి చూపించింది. ఇక్కడి కార్మోరంట్‌ని చూసినప్పుడు నా నోట మొదట వచ్చిన మాట నీటికాకే.

ఈ దీవికి వస్తే ఆవిడకి పిచ్చెక్కిపోయేది. చుట్టూ తడిసి ముద్దయ్యే దేశం, ఇది మాత్రం కొండల చాటున పడి వాన ఎరగదు. ఎండిన గడ్డి, పగిలిన బండలు, నేలబారు కాక్టస్. చలిదేశంలో ఎడారి ముక్క. ఆ ఎడారి ముక్క చుట్టూ చేపలు కిక్కిరిసిన సముద్రం. అందుకే పక్షులన్నీ అక్కడికే చేరతాయి. నీటికాకులు గడ్డీ నాచూ కలిపి నేలమీదే గూళ్ళు కట్టి, లేతనీలం గుడ్లు పెడతాయి. జూన్ నెలంతా గుడ్ల మీదే కూర్చుంటాయి.

పక్షుల రిజర్వు కాబట్టి మామూలుగా చుట్టూ తిరిగి రావడమే, దిగడం లేదు. శనివారం మాత్రం అక్కడ కాపలా ఉండే బెత్‌కి మంచినీళ్ళ క్యాన్లూ సామానూ దించుతాం. అప్పుడు టూరిస్టులు అరగంట దిగొచ్చు. పసుపు తాడు కట్టిన దారి వరకే. తాడు దాటితే పక్షులు లేస్తాయి. పక్షులు లేస్తే కాకులు గుడ్లు ఎత్తుకుపోతాయి. ఈ ముక్క నేను ఏడాదిగా ప్రతి శనివారం అందరికీ చెబుతున్నాను. సిబ్బందిలో ఎవరు తాడు దాటినా మళ్ళీ ఆ బోటు ఎక్కకూడదని బోటు పర్మిట్‌లో ఉంది. దాని కింద సంతకం పెట్టినవాళ్ళలో నేనొకణ్ణి.

జూన్ 17

పదో రోజు. అక్కడ పొద్దున, ఇక్కడ నిన్నటి సాయంత్రం. శంకర్ వీడియో పెట్టాడు. గోదావరి రేవు, అరిటాకులో పిండం, అందరూ దూరంగా జరిగి నిలబడ్డారు.

కాకి ముట్టలేదు.

ఒక గంట. రెండు గంటలు. పిన్నమ్మ ముందుకెళ్ళి, "నీ పుస్తకాలు కాలేజీకి ఇచ్చేస్తాం వదినా," అంది. రాలేదు. "నీ ఇల్లు అమ్మంలే," అన్నారు. రాలేదు. చెట్టుమీద రెండు కాకులు కూర్చుని చూస్తున్నాయట, దిగవు. చివరికి పంతులుగారు దర్భతో కాకిని చేసి దాంతో ముట్టించి లేవమన్నారు.

"ఇంతకీ ఏమనుకుంటున్నారో తెలుసా," అన్నాడు శంకర్.

"చెప్పకు."

"అత్త మనసు నీ దగ్గర ఉండిపోయిందంటున్నార్రా. నువ్వు చెయ్యలేదని."

వాడి నోట్లో నువ్వుగింజ నానదు. చెప్పకురా అంటే ముందే చెప్పేస్తాడు.

జూన్ 18

అన్నం వండాను. నల్ల నువ్వులు ఇండియన్ స్టోర్‌లో దొరికాయి. నెయ్యి ఉంది. ముద్ద చేసి ఇంటి వెనక కంచె మీద పెట్టాను. ఈ ఊళ్ళో కాకులకేం తక్కువ? చెత్తబండి వచ్చిన రోజు వాటి గోలకి నిద్రే ఉండదు.

పక్కింటివాళ్ళ కుక్క తినేసింది.

జూన్ 19

బీచ్‌లో పెట్టాను. సీగల్ ఒకటి వచ్చి ముద్ద మొత్తం ఒక్క గుక్కలో మింగి, ఇంకా ఉందా అన్నట్టు నా చేతులు చూసింది.

జూన్ 20

బర్గర్ షాపు పార్కింగ్‌లో పెట్టాను. అక్కడ కాకులు ఎప్పుడూ ఉంటాయి. ఒకటి నడుచుకుంటూ వచ్చింది. ముద్ద చుట్టూ తిరిగింది. పక్కన పడున్న బంగాళాదుంప ముక్క నోట కరుచుకుని ఎగిరిపోయింది.

కారులో కూర్చుని ఏడ్చాను. ఏడుస్తుంటే నవ్వొచ్చింది. అత్తయ్య ఉంటే పడీ పడీ నవ్వేది. లేదు కదా. ఉంటే ఇదంతా ఎందుకు.

జూన్ 21

టొరంటోలో ఒక పంతులుగారిని జూమ్‌లో పట్టుకున్నాను. ఆయన శాంతంగా, "మీకు కర్తృత్వమే లేదు బాబూ, అక్కడ చేసినవారిదే కర్మ. మనశ్శాంతి కోసమైతే ముద్దని ఇంట్లో పళ్ళెంలో పెట్టి నమస్కారం చేసి, పారే నీళ్ళలో కలపండి, చాలు," అన్నారు.

చాలు అంటే చాలదు. ఆయనకేం తెలుసు. నేను మాటిచ్చింది ఆయనకి కాదు.

దీవిలో కాకులు అడవి కాకులు. బంగాళాదుంపలు ఎరగవు.

జూన్ 22, శనివారం

కాకి ముట్టింది.

ముందు అదే రాయాలనిపించింది. ముట్టింది.

ఇవాళ బోటులో ఒక తెలుగు కుటుంబం ఎక్కింది. నార్త్ యార్క్ నుంచి వచ్చారు. కావ్యశ్రీ గారు, ఆవిడ భర్త, ఆవిడ వాళ్ళ అమ్మగారు శ్యామల గారు. ఆవిడది కరీంనగర్ వైపట. లైఫ్ జాకెట్ కడుతుంటే, "ఏ ఊరు బిడ్డా నీది? తిన్నవా?" అన్నారు. ఈ రెండు వారాల్లో నన్ను ఎవరైనా అలా అడగడం అదే మొదటిసారి. స్టీలు డబ్బాలో పులిహోర. నా చేతిలో బలవంతంగా పెట్టారు.

దీవిలో దిగాక ఆవిడ మోకాళ్ళు పట్టేశాయి. తాడు పక్కన చదునుగా ఉన్న బండ మీద నేనే కూర్చోబెట్టాను. మిగతావాళ్ళు కెప్టెన్ వెంట సీ లయన్స్ చూడ్డానికి అటు వెళ్ళారు. బెత్ సామాను సర్దుకుంటోంది. ఆవిడ కళ్ళు మూసుకుని జపమో ఏదో చేసుకుంటున్నారు. ముద్ద నా జాకెట్ జేబులో ఉంది, మేపుల్ ఆకులో చుట్టి.

తాడు దాటాను. ముప్ఫై అడుగులు ఉంటుందేమో. కాక్టస్ ముల్లు బూటులోంచి దిగింది. ఆకు పరిచి ముద్ద పెట్టాను. చెప్పాల్సింది చెప్పుకున్నాను. నాలుగడుగులు వెనక్కి వేశాను.

నల్లటి రెక్కలు. ఒకటి కాదు, పది, పదిహేను, నా నెత్తిమీదుగా. అంత దగ్గరగా వచ్చాయి.

ముట్టింది.

జూన్ 23

శంకర్‌కి చెప్పాను. వాడు ఫోన్‌లో అందరికీ అరిచి చెప్పాడు. పిన్నమ్మ దణ్ణం పెట్టుకుందట. "అదీ, వాడే చెయ్యాలి," అన్నారట అందరూ.

పది గంటలు నిద్రపోయాను.

జూన్ 24

బెత్ రేడియోలో పిలిచింది. కెప్టెన్ స్పీకర్ మీద పెట్టాడు, కాబట్టి విన్నాను.

ముప్ఫై ఏడు గూళ్ళు ఖాళీ. శనివారం మధ్యాహ్నం, మా బోటు ఉన్న అరగంటలో. ఎవరో తాడు దాటారు, నీటికాకులన్నీ ఒక్కసారి లేచిపోయాయి, కాకులు వచ్చి గుడ్లు ఖాళీ చేశాయి. ఈ ఏడు ఇంక పెట్టవట, కాలం దాటిపోయింది. తాడుకి అవతల ఆకు మీద అన్నం ముద్ద దొరికింది, నల్ల గింజలతో, చెక్కు చెదరకుండా ఉంది అంది.

చెక్కు చెదరకుండా ఎలా ఉంటుంది? ఒక మెతుకు ముక్కున కరుచుకున్నా ముట్టినట్టే. శాస్త్రం అదే. మెతుకు పోయినా ముద్ద ముద్దలాగే కనిపిస్తుంది.

కెప్టెన్ నావైపు చూడలేదు. "శనివారం డ్యూటీ సూపర్‌వైజర్‌వి నువ్వే. రిపోర్టు నువ్వే రాయాలి. చూసింది రాయి," అన్నాడు.

జూన్ 25

రిపోర్టు ఇచ్చేశాను. ఒక్క అబద్ధం రాయలేదు. ఒక ప్రయాణికురాలి దగ్గర అన్నం డబ్బా ఉందని రాశాను, ఉంది. ఆవిడ తాడు పక్కన ఒంటరిగా కొంతసేపు కూర్చున్నారని రాశాను, కూర్చున్నారు. తాడు ఎవరు దాటారో సూపర్‌వైజర్ చూడలేదని రాశాను. నన్ను నేను ఎలా చూస్తాను?

కెప్టెన్ చదివి, "చూసిందంతా రాశావా?" అన్నాడు.

"రాశాను."

ఇంకా పందొమ్మిది రోజులు.

జూన్ 27

ఆవిడ టూరిస్టు. మహా అయితే ఒక హెచ్చరిక ఉత్తరం వస్తుంది. వాళ్ళమ్మాయి చింపి పారేస్తుంది. ఆవిడ ఇండియా వెళ్ళిపోతారు. ఇందులో ఎవరికీ నష్టం లేదు.

ముప్ఫై ఏడు గూళ్ళు. గూటికి మూడో నాలుగో.

జూన్ 29, శనివారం

దీవిలో దిగనివ్వలేదు. క్యాన్లు నీళ్ళలోకి దించితే బెత్ వచ్చి ఒడ్డుకి లాక్కుంది. దూరం నుంచి చూస్తే నీటికాకులు ఖాళీ గూళ్ళ మీదే కూర్చుని ఉన్నాయి. ఒక అమ్మాయి, "అవి గుడ్లు పొదుగుతున్నాయా?" అని అడిగింది. అవునన్నాను.

జూలై 1

కెనడా డే. ఊరంతా జెండాలు. నేను గది దాటలేదు.

కావ్యశ్రీ గారు ఫోన్ చేశారు. బుకింగ్ మెయిల్‌లో నా నంబరే ఉంది కదా. రిజర్వు ఆఫీసు నుంచి శ్యామల గారి పేరు మీద నోటీసు వచ్చిందట. అయిదో తారీఖు లోపల జవాబు చెప్పాలి, చెప్పకపోతే రికార్డులోకి ఎక్కుతుంది. ఆవిడ విజిటర్ స్టే ఎక్స్‌టెన్షన్‌కి అప్లై చేసి ఉన్నారట. "ఇప్పుడు అఫెన్స్ అని ఏదైనా ఉంటే రిజెక్ట్ చేస్తారేమోనని భయంగా ఉందండీ," అన్నారు. "అమ్మ డబ్బా బోటు దిగాక తెరవనే లేదు. మీరు అక్కడే ఉన్నారు కదా. మీరొక్క మెయిల్ పెడితే చాలు. ప్లీజ్ అండీ."

"చూస్తానండీ," అన్నాను.

చూస్తానండీ! పన్నెండు నెలలుగా నా బతుకుని గుప్పెట్లో పెట్టుకున్న ఆఫీసులన్నీ నాకు చెప్పే మాట అదే. ఎంత తేలిగ్గా వచ్చేసింది నోట్లోంచి.

జూలై 2

ఇవాళ ఆవిడే చేశారు. కూతురికి తెలియకుండా చేసినట్టుంది, గొంతు బాగా తగ్గించి మాట్లాడారు.

"బిడ్డా, నేను శ్యామలను. ఆ పడవల వచ్చిన. యాదికున్ననా?"

"ఉన్నారండీ. చెప్పండి."

"నువ్వు తిప్పలు పడకు బిడ్డా. కావ్య నిన్ను సతాయిస్తున్నట్టుంది. నాకేమో ఇప్పుడు అనుమానమొస్తున్నది. నేనే ఏమన్న మెతుకులు రాల్చిన్నా అని. డబ్బా మూత వదులైతది అప్పుడప్పుడు. ఈ నడుమ ఏది యాదికుంటలేదు. రాల్చి ఉంటే తప్పు నాదే గద."

"మీరు రాల్చలేదండీ," అన్నాను.

"నీకెట్ల తెలుసు?"

ఫోన్ ఇంకో చెవికి మార్చాను.

"ఎన్ని పిల్లలు పోయినయంట బిడ్డా? కావ్య చెప్తలేదు. నాకు ముద్ద దిగుతలేదు. తల్లులు ఎట్ల తిరుగుతున్నయో."

తిలాపాపం తలా పిడికెడు అంటారు. నేను తలా పిడికెడు కూడా కాదు, గంప మొత్తం ఎత్తి ఆ ముసలావిడ నెత్తిన పెట్టాను. మోకాళ్ళు పని చెయ్యని మనిషి బండలూ ముళ్ళూ దాటి ముప్ఫై అడుగులు ఎలా వెళ్తుందని ఆ ఆఫీసులో ఒక్కడైనా ఆలోచించడేం? నేను రాసింది వాళ్ళు ఎందుకు నమ్మారు? సూపర్‌వైజర్ రాశాడు కాబట్టి నమ్మారు.

పన్నెండు రోజులు. పన్నెండంటే పన్నెండు. అయిదో తారీఖు దాటితే...

రాయలేను.

జూలై 3

పొద్దున రేవుకి వెళ్ళేసరికి కెప్టెన్ తాళ్ళు చుడుతున్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన ఏమీ అనకముందే, "నేను తాడు దాటలేదు," అన్నాను. అడిగిందెవరు?

ఆయన చుట్టడం ఆపలేదు. "ఫిజీలో, మా లాబాసాలో మా నాన్న పోయినప్పుడు మా నానమ్మ అన్నంలో నల్ల నువ్వులు కలిపి నా చేతికిచ్చింది," అన్నాడు. "నాకు తొమ్మిదేళ్ళు. మంత్రం ఎవరికీ రాదు. ఏ నెల చెయ్యాలో కూడా మర్చిపోయారు. నువ్వులు మాత్రం మర్చిపోలేదు."

బెత్ ముద్ద గురించి చెప్పిన రోజే ఆయనకి తెలుసు. అయినా రిపోర్టు నా చేతే రాయించాడు. చూసిందంతా రాశావా అని అడిగాడు.

"తెలిసి ఎందుకు ఊరుకున్నారు?" కోపం వచ్చింది నాకు. నాకు! ఆయన మీద!

"నేను చెబితే అది నీ మీద ఫిర్యాదు అవుతుంది. నువ్వు చెబితే వేరు. అయిదు దాకా చూద్దామనుకున్నాను."

"అయిదుకి కూడా చెప్పకపోతే?"

"ఆవిడ మా నానమ్మ వయసుది, నాయినా," అన్నాడు. ఆ చివరి మాట ఒక్కటే తెలుగులో.

"పదకొండు రోజులు కెప్టెన్. పదకొండు రోజులు ఆగితే నా ఏడాది నిండుతుంది. తర్వాత నేనే చెబుతాను. ఒట్టు."

ఆయన తాడు కింద పెట్టి నన్ను చూశాడు. నేను ఏం అడుగుతున్నానో నాకే వినిపించింది.

చెప్పిన రోజు నుంచి నేను బోటు ఎక్కకూడదు. బోటు ఎక్కని రోజు నుంచి ఉద్యోగం లేదు. పర్మిట్ షరతు, ఆయన చేతిలో కూడా లేదు. పదకొండు నెలల పందొమ్మిది రోజులు పనిచేసినట్టు ఉత్తరం ఇస్తానన్నాడు, ఒక్క రోజు కూడా ఎక్కువ రాయనన్నాడు. ఏడాదికి తక్కువైతే అది ఎందుకూ పనికిరాదు. ఆయనకీ తెలుసు.

జూలై 4

పొద్దున ఎనిమిదింటికి మెయిల్ పెట్టాను. ఆఫీసుకి, బెత్‌కి, కెప్టెన్‌కి. నాలుగు వాక్యాలు. తాడు దాటింది నేను, అన్నం పెట్టింది నేను, రిపోర్టులో దాచింది నేను, ఆ ప్రయాణికురాలికి ఏ సంబంధమూ లేదు. అత్తయ్య సంగతి రాయలేదు. రాస్తే జాలి కోసం రాసినట్టుంటుంది. పది గంటలకి జవాబు వచ్చింది, శ్యామల గారి మీద నోటీసు వెనక్కి తీసుకున్నామని. పదిన్నరకి ఇంకోటి, అది నాది. జాకెట్టూ తాళాలూ కెప్టెన్‌కి ఇచ్చేశాను. ఆయన చెయ్యి చాపితే పట్టుకోలేకపోయాను.

ఇంటికి వచ్చాను. ఇరవై తొమ్మిదేళ్ళవాణ్ణి, మంచం పట్టె పట్టుకుని నేలమీద కూర్చున్నాను. అంతా అయిపోయింది. ఈ మూడేళ్ళూ, వాటర్లూ చలీ, గోడౌనూ, చలికాలమంతా గడ్డకట్టిన చేతులతో బోటుకి రంగులు కొట్టడం, అంతా. ఆగస్టు తర్వాత ఏం చెయ్యాలో తెలియదు. ఎవరినైనా అడగాలని కూడా లేదు.

తర్వాత శ్యామల గారికి ఫోన్ చేశాను. మెయిల్ చాలదనిపించింది.

మొత్తం చెప్పాను. అత్తయ్య, కాకినాడ, రేవులో దర్భ కాకి, కుక్క, సీగల్, జేబులో ముద్ద, రిపోర్టు. "మీ మీదకి తోసేశానండీ. తెలిసే తోసేశాను," అన్నాను.

అటు నుంచి తలుపు దగ్గరికేసిన చప్పుడు వినిపించింది.

"నువ్వు తాడు దాటి పోయింది నేను చూసిన బిడ్డా," అన్నారు.

"చూశారా?"

"చూసిన. ఒంటికి పోతున్నవనుకున్న. మొగపిల్లగాడు పొదచాటుకు పోతే ఆడిదాన్ని ఎట్ల చెప్తా ఎవలకన్న? అట్లనే కండ్లు మూసుకున్న."

నాకు నవ్వు రాలేదు. ఆవిడకీ రాలేదు. నోటీసు వచ్చినా, కూతురు నిలదీసినా, తనే మెతుకులు రాల్చిందేమోనని తిండి మానేసినా, నా పరువు పోతుందని ఆవిడ ఆ మాట బయట పెట్టలేదు.

"నాకు కోపముంది బిడ్డా. లేదని చెప్ప. ఇన్ని దినాలు దొంగ లెక్క బతికిన."

"అవునండీ."

"సరే, అది పక్కకు పెట్టు," అన్నారు. గొంతు మారింది. "మా దిక్కు గూడ ఇదే. పిట్టకు పెడ్తం. పిట్ట ముట్టిందా?"

ముట్టిందని చెప్పడానికి నోరు తెరిచాను. శంకర్‌కి చెప్పాను, పిన్నమ్మకి చెప్పాను, ఈ పుస్తకంలో ఎన్ని చోట్ల రాసుకున్నానో. ఆ రోజు నేను నాలుగడుగులు వెనక్కి వేసి నిలబడ్డాను. రెక్కలు నా మీదుగా వచ్చాయి. ముద్ద మీదుగా కూడా వెళ్ళాయి.

"లేదండీ," అన్నాను. "అన్నం వైపు ఒక్కటి కూడా చూడలేదు. నన్ను చూసి తల్లులు లేచిపోయాయి. అవి గూళ్ళ మీద పడ్డాయి. నేను చూస్తూ నిలబడ్డాను. ముట్టిందనే అనుకున్నాను."

ఆవిడ నిట్టూర్చారు. తిట్టి ఉంటే బాగుండేది.

"పిట్ట ముట్టకపోతే, పోయినోళ్ళకు ఏం మిగిలిందో అడగాలె బిడ్డా. నీకేం కావాలె, చేస్త, అని మాటియ్యాలె. నువ్వేం మాటిచ్చినవు ఆమెకు?"

"ఏమీ ఇవ్వలేదండీ," అన్నాను. "నాకు పీఆర్ ఇప్పించమని అడిగాను."